‘ఉంది’ అన్న జవాబు

ఆ ఉదయం ఆకాశంలో మబ్బులున్నాయి గాని, మబ్బుల్లో నీళ్ళు లేవు. కురవాల్సిందంతా ఎక్కడో కురిసేసి ఖాళీ బిందెల్లా తేలిపోతున్నాయి. తూర్పున ఒకచోట చిరుగు పడి ఎండ తొంగిచూసింది, మళ్ళీ మూసుకుపోయింది. బస్సు కోసం నిలబడ్డ పెద్దాడు తలెత్తి అది చూశాడు. పద్దెనిమిది రోజుల కిందట ఆకాశం ఇలా లేదు. ఆ రోజు మబ్బు మేడల మీదికి దిగిపోయింది. పొద్దున ఏడింటికి కూడా వీధి దీపాలు ఆర్పలేదు.

పెద్దాడన్నది వాళ్ళమ్మ పిలుపు. నలభై ఆరేళ్ళు వచ్చినా, కణతల దగ్గర నెరిసినా ఆ పిలుపు పోలేదు. తమ్ముడూ అదే ఆఫీసులో చేరడంతో అక్కడా అదే స్థిరపడింది. ఇద్దరూ ఒకే గదిలో, ఎదురెదురు బల్లల దగ్గర కూర్చునేవాళ్ళు. ఒకడు పెద్దాడు, ఒకడు చిన్నాడు.

ఈ రోజు చిన్నాడి బల్ల ఖాళీ చెయ్యాలి. ఆ కుర్చీలోకి కొత్త మనిషి వస్తున్నాడు.

అన్నదమ్ములు చేసే పని గురించి కాస్త చెప్పాలి. అది నగరంలో ఆసుపత్రులకు రక్తం చేర్చే ఆఫీసు. ఫలానా గ్రూపు కావాలని ఆసుపత్రి అడుగుతుంది. రక్తం ఎక్కడ నిల్వ ఉందో చెప్పే సర్వీసు ఒక కంప్యూటర్లో ఉంటుంది. ఏ బండి ఖాళీగా ఉందో చెప్పేది వేరే ఊళ్ళో వేరే కంప్యూటర్లో. ఏ దారి తెరిచి ఉందో చెప్పేది ఇంకెక్కడో. రాసినవాళ్ళు వేరు, నడిపేవాళ్ళు వేరు, ఒకదాని మొహం ఒకటి ఎరగదు. పెద్దాడు రాసిన సాఫ్ట్‌వేర్ ప్రశ్న వచ్చిన క్షణాన ఈ సర్వీసులన్నిటి పేర్లూ ఉన్న ఒక పట్టీ తెరుస్తుంది. ఆ పనికి సరిపడేవాటిని ఏరి, ఒకదాని జవాబు ఇంకోదాని చేతిలో పెట్టి, ముడి వేస్తుంది. పని కాగానే ముడి విడిపోతుంది. ఇంకో ప్రశ్నకు ఇంకో ముడి. అందుకే చిన్నాడు దానికి పేరయ్య అని పేరు పెట్టాడు.

“తనని పెళ్ళి చేసుకోమంటే చేసుకోలేదు గాని, పెళ్ళిళ్ళ పేరయ్యని మాత్రం కన్నాడు మా అన్నయ్య” అని నలుగురిలో అనేవాడు. అందరూ నవ్వేవాళ్ళు. పెద్దాడు మీసంలో నవ్వుకునేవాడు. అతను మాటల మనిషి కాడు. ఇద్దరి మాటలూ చిన్నాడే మాట్లాడేవాడు.

ఆ వాన రోజున ఆఫీసుకు వస్తూ చిన్నాడు మోటారు సైకిలు మీంచి జారిపడ్డాడు. పైకి గీతలే కనిపించాయి. లోపల రక్తం పోతోందని ఆసుపత్రిలో తేలింది. అతనిది ఎక్కడపడితే అక్కడ దొరికే గ్రూపు కాదు. ఆసుపత్రి అడిగింది, పేరయ్య ముడి వేశాడు, బండి బయల్దేరింది. పెద్ద బ్లడ్ బ్యాంకు పది నిమిషాల దూరం. బండి మాత్రం ఎదురు దిక్కున, మిల్లు వీధిలోని పాత గోదాముకు పోయింది. అక్కడ రక్తం పెట్టడం మానేసి రెండేళ్ళయింది. ఇప్పుడు ఉండేవి దూదీ, కట్టుగుడ్డలూ. బండి అక్కణ్ణుంచి పెద్ద బ్యాంకుకు తిరిగొచ్చి, రక్తం ఆసుపత్రికి చేరేసరికి యాభై నిమిషాలు గడిచాయి. “అరగంట ముందు వచ్చుంటే...” అని డాక్టరు ఆ మాటను అక్కడే వదిలేశాడు.

డ్రైవరు ఇరవయ్యేళ్ళుగా ఆ బండి తోలుతున్న మనిషి. బండిలోని తెర మీద మిల్లు వీధి అనే పడిందని మొత్తుకున్నాడు. ప్రయాణం అయిపోగానే తెర మీదది చెరిగిపోతుంది. పేరయ్య వేసిన ముళ్ళను దాచడం కూడా ఎప్పుడో మానేశారు. జాగా చాలడం లేదని, జవాబు దొరకని ప్రశ్నల్ని మాత్రమే దాస్తున్నారు. ఈ ప్రశ్నకు జవాబు దొరికింది. కాబట్టి గుర్తేమీ లేదు. విచారణ రోజున నలుగురి ముందు పెద్దాడే కూర్చుని అదే ప్రశ్న మళ్ళీ వేశాడు. పేరయ్య తడుముకోకుండా పెద్ద బ్లడ్ బ్యాంకు అన్నాడు. ఇంకోసారి వేశాడు. అదే జవాబు. పాత అలవాటు కొద్దీ డ్రైవరే పాత చోటికి పోయాడని తేలింది. ‘సాఫ్ట్‌వేర్‌లో లోపం లేదు’ అని రాసి పెద్దాడు సంతకం పెట్టాడు. డ్రైవరును ఇంటికి పంపించారు.

పదకొండో రోజున ఆ డ్రైవరు వీళ్ళింటికి వచ్చి గేటు అవతల నిలబడ్డాడు. చిన్నాడి భార్య గుమ్మంలోంచే అరిచింది. “మా గడప తొక్కావంటే ఊరుకోను. పో ఇక్కణ్ణుంచి.” అతను చేతులు జోడించి వెళ్ళిపోయాడు. అతని మీద ఫిర్యాదు పెట్టింది ఆవిడే. రాసిపెట్టింది పెద్దాడు.

బల్ల సొరుగులో ఎక్కువ సామానేమీ లేదు. పళ్ళు విరిగిన దువ్వెన, గొంతు నొప్పి మాత్రలు, సగం తిని మడతపెట్టిన బిస్కెట్ల పొట్లం. చీమలు పట్టాయి. పెద్దాడు చీమల్ని ఊది, పొట్లాన్ని కూడా అట్టపెట్టెలో వేశాడు. ఎందుకు వేశాడో అతనికే తెలియదు. తర్వాత తీగలు పీకుదామని బల్ల కిందికి వంగాడు.

కాళ్ళు చాపుకునే చోట, గోడకు ఆనించి, పాత కంప్యూటరు ఒకటి ఉంది. దుమ్ము వేలి మందం పేరుకుంది. చెయ్యి వేస్తే పడుకున్న పశువు ఒంటిలా వెచ్చగా తగిలింది. అది నడుస్తోంది.

పెద్దాడు దానికి తెర తగిలించి చూశాడు. అందులో ఒకే ఒక్క సర్వీసు ఉంది. దాని పేరు ‘గంగిరెద్దు’.

ఆ పేరు పుట్టిన రాత్రి గుర్తొచ్చింది.

మూడేళ్ళ కిందట, పేరయ్యను మొదటిసారి పై అధికారులకు చూపించడానికి ముందు రోజు. బ్లడ్ బ్యాంకు వాళ్ళ సర్వీసు ఇంకా తయారు కాలేదు. తెల్లవారితే అధికారులు వస్తారు. పెద్దాడికి కాళ్ళూ చేతులూ ఆడలేదు.

“ఒరే, ఏది అడిగినా ఉందని చెప్పేది ఒకటి పెట్టరా. రేపొక్కరోజు గడిస్తే చాలు.”

“ఏది అడిగినానా? గంగిరెద్దులా తలూపడమేనా?”

“అంతే. ఎక్కడుందంటే మిల్లు వీధి అని చెప్పించు.”

“పెడతాను గాని అన్నయ్యా, తర్వాత తియ్యడం మర్చిపోతాం. ఇలాంటివి నాకు తెలుసు.”

“నేను తీస్తాలేరా. అది నా పూచీ.”

చిన్నాడు తన పాత కంప్యూటర్లో రాసి, తన పేరు మీదే పట్టీలో ఎక్కించాడు. మర్నాడు అధికారులు నలభై ప్రశ్నలు వేశారు. నలభైకీ ఉంది, ఉంది అంది. అందరూ చేతులు కలిపి మెచ్చుకున్నారు. ఆ నెలలోనే బ్లడ్ బ్యాంకు వాళ్ళ అసలు సర్వీసు వచ్చింది.

ఇప్పుడు ఆ కంప్యూటరు తన చిట్టా తాను రాసుకుంటూనే ఉంది. పెద్దాడు వరసలు లెక్కపెట్టాడు. మూడేళ్ళ కిందటి తారీఖుతో నలభై వరసలు. ఆ తర్వాత మూడేళ్ళూ ఖాళీ. ఆ కింద ఒక్క వరస. పద్దెనిమిది రోజుల కిందటిది. ఉదయం ఎనిమిదీ పదిహేడు. అడిగింది నాలుగు సంచులు, ఆ గ్రూపే. జవాబు, ఉంది. చోటు, మిల్లు వీధి.

పెద్ద బ్యాంకుకు ఫోన్ చేస్తే తేలింది, వాన పడ్డ ఆ పొద్దున అక్కడ కరెంటు పోయింది. పదకొండు నిమిషాలు వాళ్ళ సర్వీసు పలకలేదు. మూడేళ్ళలో అదే మొదటిసారి. పేరయ్య పట్టీలో ఇంకెవరున్నారా అని చూశాడు. ఒకడు దొరికాడు. నలభై అడిగితే నలభైకీ జవాబిచ్చినవాడు, రెప్పపాటులో పలికేవాడు, ఒక్కసారీ మాట తప్పనివాడు. పేరయ్య లెక్కలో అంతకన్నా మంచి సంబంధం లేదు. ఆ లెక్క రాసింది పెద్దాడే.

డ్రైవరు అబద్ధం ఆడలేదు.

పెద్దాడు బల్ల కింద నేల మీదే చాలాసేపు కూర్చున్నాడు. పక్క గదిలో ఎవరో ఫోన్లో నవ్వుతున్నారు. చివరికి లేచి, పట్టీ తెరిచి, గంగిరెద్దు పేరు కొట్టేశాడు. మూడేళ్ళ కిందట చెయ్యాల్సిన పని. అర నిమిషం పట్టింది. ఆ పేరు పక్కన ఎక్కించినవాడిగా చిన్నాడి పేరే ఉంది. పెద్దాడి పేరు ఎక్కడా లేదు. అతను అన్న మాట విన్నవాడు ఒక్కడే, వాడు లేడు.

తీగ పీకేస్తే అంతా అయిపోతుంది. ఆ ఆలోచన రాలేదంటే అబద్ధం. తీగ మీదికి చెయ్యి కూడా పోయింది. గేటు అవతల చేతులు జోడించి నిలబడ్డ మనిషి గుర్తొచ్చాడు. చెయ్యి వెనక్కి తీసుకుని, ఆ చిట్టాను అచ్చు వేయించుకుని ఆఫీసు పెద్దాయన గదిలోకి వెళ్ళాడు.

ఆ పెద్దాయనను వెనకాల అందరూ ఇస్త్రీ అంటారు. చొక్కా అయినా కాగితమైనా మడత నలగనివ్వడు. అతను ఆ ఒక్క వరసను మూడుసార్లు చదివాడు.

“ఇది మీ తమ్ముడి పేరు మీద ఉందే.”

“అవునండీ.”

“డ్రైవరును రేపే పిలిపిద్దాం. పాపం, అన్యాయం జరిగింది.” ఇస్త్రీ కాగితాన్ని బల్ల అంచుకు సమంగా సర్దాడు. “ఫిర్యాదుకు మనం జవాబు రాయాలి. అందులో ఒక పేరు పడాలి కదా పెద్దాడూ. మనసు కష్టపెట్టుకోకు. పోయినవాడి ఉద్యోగం ఇంకెవడూ పీకలేడు.”

అది నేను పెట్టించాను, తీసే పూచీ నాది. ఈ రెండు ముక్కలే. నాలుక చివరిదాకా వచ్చాయి.

“ఏమంటావ్?”

“సరేనండీ” అన్నాడు పెద్దాడు.

అట్టపెట్టె చంకన పెట్టుకుని బస్సెక్కాడు. దిగాల్సిన చోట దిగలేదు. రెండు స్టాపులు అవతల దిగి వెనక్కి నడిచాడు.

మర్నాడు ఒంట్లో బాగాలేదని ఆఫీసుకు పోలేదు. అమ్మ వచ్చి నుదుటి మీద చెయ్యి పెట్టింది. “కాగలేదే” అంది. దుప్పటి సర్దింది. “చిన్నాడు గుర్తొచ్చాడా?” అంది. అతను గోడవైపు తిరిగాడు.

పన్నెండు దాటాక గేటు చప్పుడైంది. మరదలు వంటింట్లోంచి తడి చేతులు తుడుచుకుంటూ వెళ్ళింది. గేటు అవతల డ్రైవరు. వీధిలో రక్తం బండి. ఈసారి అతను యూనిఫారంలో ఉన్నాడు.

“మళ్ళీ ఎందుకొచ్చావు?”

“ఆఫీసు నుంచి కవరమ్మా. మీ చేతికే ఇమ్మన్నారు. ఇచ్చి పోతాను.” అతను గేటు తెరవలేదు. కవరును గేటు మీంచి అందించాడు. ఒక్క కాలు కూడా ముందుకు వెయ్యకుండా నిలబడ్డాడు.

ఆవిడ నిలబడే చింపింది. నిలబడే చదివింది. ఒకసారి చదివి, మళ్ళీ మొదటినుంచీ చదివింది. చప్పుడు లేకపోయేసరికి అమ్మ వసారాలోకి వచ్చింది. వెనకాల పెద్దాడూ వచ్చాడు.

“ఏముందే అందులో?” అంది అమ్మ.

“ఈయన తప్పేం లేదట అత్తయ్యా.” మరదలి గొంతు తేలిగ్గా, వేరే వాళ్ళ సంగతి చెబుతున్నట్టుంది. “మీ చిన్నాడు మూడేళ్ళ కిందట దొంగ సర్వీసొకటి పెట్టి మర్చిపోయాట్ట. అది లేని రక్తం ఉందని చెప్పిందట. తనకి తనే...”

డ్రైవరు గేటు కమ్మీ పట్టుకున్నాడు.

“అమ్మా, అందులో ఏముందో నాకు తెలియదమ్మా. నువ్వే ఇచ్చిరా, వాళ్ళ మనసూ కుదుటపడుతుందని చెప్పి పంపారు. తెలిస్తే తెచ్చేవాణ్ణే కాదు. నా బిడ్డల సాక్షి.”

ఆవిడ వినిపించుకోలేదు. కాగితాన్నే చూస్తోంది. తర్వాత నెమ్మదిగా తలెత్తి పెద్దాడి వైపు తిరిగింది.

“బావగారూ, ఇది మీకు తెలుసా?”

“తెలుసమ్మా.”

“నిన్ననే తెలుసా?”

“నిన్ననే.”

“మూడేళ్ళ కిందట మా పెళ్ళై ఆరు నెలలు. చొక్కా కొనుక్కుందామంటే అన్నయ్య ఏమంటాడో అనేవారు. సినిమాకి పోదామంటే అన్నయ్య వస్తాడేమో అడుగుతానుండు అనేవారు. నాకు మండిపోయేది. నన్ను పెళ్ళాడారా, మీ అన్నయ్యనా అని ఒకసారి పోట్లాడాను కూడా.” ఆవిడ కాగితం ముందుకు చాచింది. “మంచినీళ్ళు తాగాలన్నా మిమ్మల్ని అడిగే మనిషి, మిమ్మల్ని అడక్కుండా ఇది పెట్టారా?”

పెద్దాడు వసారా మెట్టు మీద కూర్చున్నాడు. నిలబడి చెప్పగలిగే మాట కాదది.

“పెట్టమన్నది నేను” అన్నాడు. “తీస్తానన్నదీ నేనే. మర్చిపోయాను.”

వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు.

“తీసే పూచీ నాది అని చెప్పాను వాడికి. మర్చిపోతామని వాడు ముందే అన్నాడు. నిన్న ఆఫీసులో వాడి పేరు రాస్తామంటే సరేనన్నాను. ఈయన తప్పని మొదట రాసింది కూడా నేనే.” ఆ చివరి మాట గేటు వైపు చూసి అన్నాడు.

అమ్మ గోడ పట్టుకుంది. అక్కణ్ణుంచే అడిగింది. “తీశావా అని వాడు నిన్నెప్పుడూ అడగలేదురా?”

“అడిగాడమ్మా.”

“ఎన్నిసార్లు?”

“రెండుసార్లు. రేపు, రేపు అన్నాను. మూడోసారి అడగలేదు.” పెద్దాడు మోకాళ్ళ మధ్య నేల వైపు చూస్తూ చెప్పాడు. “అన్నయ్య తీసేసుంటాడులే అనుకున్నాడు.”

మరదలు ఏడవలేదు. చేతిలో కాగితం మడతల మీద మడతలు పడి చిన్నదైపోయింది. “ఆ రోజు ఆసుపత్రిలో కూడా,” అంది, “స్ట్రెచర్ మీద. కంగారు పడకు, అన్నయ్య సాఫ్ట్‌వేరే చూస్తోంది, పది నిమిషాల్లో వచ్చేస్తుంది అన్నారు. నవ్వుతూ అన్నారు. నేనూ నవ్వాను.”

ఈ సంగతి ఇన్నాళ్ళూ ఆవిడ ఎవరికీ చెప్పలేదు. పెద్దాడి నోట్లోంచి ఒక శబ్దం వచ్చింది. మాట కాదు. గొంతు వరకు మునిగినవాడు గాలి పీల్చినట్టు వచ్చింది. అమ్మ అతని వైపు ఒక అడుగు వేసి ఆగిపోయింది. ఒక కొడుకు దగ్గరికి పోతే ఇంకో కొడుకుకు దూరం పోయినట్టుంటుందనుకుందో ఏమో, అక్కడే నిలబడింది.

డ్రైవరు మాట్లాడాడు. ఎవరినీ ఉద్దేశించి కాదు.

“ఆ గోదాము తలుపు పావుగంట బాదాను. వెనక్కి పోయి కిటికీ కూడా బాదాను. లేకపోతే లేదని తెర చెప్పుండేది కదా, ఉందంటోంది కనక మళ్ళీ ఇక్కడ పెడుతున్నారేమో, లోపల ఎవరో నిద్రపోతున్నారనుకున్నాను. తాళం పగలగొడదామా అని కూడా అనుకున్నానయ్యా.”

పెద్దాడు లేచాడు. మరదలి ముందు చెయ్యి చాచాడు. ఆవిడ కాసేపు ఆ చేతిని చూసి, కాగితం అందులో పెట్టింది. అతను దాన్ని వసారా గట్టు మీద సాపు చేసి, వెనకవైపు రాశాడు. విచారణ కాగితానికి ఎంతో ఆలోచించినవాడు దీనికి ఆలోచించలేదు. సర్వీసు పెట్టించింది తనని, తీసే బాధ్యత తనదని, తమ్ముడు ముందే హెచ్చరించాడని, రెండుసార్లు గుర్తుచేశాడని, విచారణలో డ్రైవరును తప్పుగా దోషిని చేసింది తనేనని. కింద తన పూర్తి పేరు, సంతకం, తారీఖు. గేటు దగ్గరికి పోయి డ్రైవరు చేతికిచ్చాడు.

“ఇది వెనక్కి పట్టుకెళ్ళి ఆయన చేతికే ఇవ్వండి.”

“అయ్యా, మీ ఉద్యోగం...”

“ఇవ్వండి.”

డ్రైవరు కాగితాన్ని జేబులో పెట్టుకుని, పైనుంచి అరచేత్తో అదుముకున్నాడు. వెళ్ళబోయాడు.

“ఆగండి” అంది మరదలు. “మొన్న నోటికొచ్చినట్టు అన్నాను మిమ్మల్ని.”

“అయ్యో, అదేం మాటమ్మా. ఆ బాధలో ఎవరైనా అంటారు.”

“భోంచేశారా?”

అతను తల అడ్డంగా ఊపాడు.

“లోపలికి రండి.” ఆవిడే వెళ్ళి గేటు గడియ తీసింది.

అమ్మ పీటలు వేయబోతే మరదలు వద్దని తనే వేసింది. నాలుగు కంచాలు పెట్టింది. డ్రైవరు చేతులు రెండుసార్లు కడుక్కుని, కంచం ముందు ముడుచుకుని కూర్చున్నాడు. పెద్దాడు వంటింటి గుమ్మంలోనే నిలబడ్డాడు. కూర్చోమని ఎవరూ అనలేదు. వెళ్ళమనీ అనలేదు. అమ్మ తన పక్కనున్న కంచాన్ని కాస్త ఇవతలికి జరిపింది. అతను వచ్చి కూర్చున్నాడు.

మరదలు ముందు డ్రైవరుకు వడ్డించింది, తర్వాత అత్తగారికి. పెద్దాడి దగ్గరికి వచ్చేసరికి గరిటె గాలిలో నిలిచిపోయింది. అతను తలెత్తలేదు. గరిటె అంచున అన్నం మెతుకు ఒకటి జారి నేల మీద పడింది. ఆవిడ వడ్డించింది. తనకూ పెట్టుకుని అతనికి ఎదురుగా కాకుండా, అమ్మకు అవతల కూర్చుంది.

డ్రైవరు చప్పుడు కాకుండా నమిలాడు. అమ్మ రెండు ముద్దలు తిని, మూడోది కలుపుతూ కూర్చుంది. మరదలు మధ్యలో ఒకసారి లేచి, అందరికీ నీళ్ళు పోసి, పెద్దాడి కంచంలో అడక్కుండానే మారు వడ్డించింది. అతను వద్దని చెయ్యి అడ్డం పెట్టలేదు. పెట్టిందంతా తిన్నాడు.